తుకారాము సేతువు : నారాయణ వామన తిలక్ క్రైస్తవ భక్తి

తిలక్ అను పేరు వినినంతనే తెలుగు పాఠకునకు స్ఫురించువారు ఇద్దరు. ఒకరు లోకమాన్య బాలగంగాధర తిలక్, మరియొకరు మన కవి దేవరకొండ బాలగంగాధర తిలక్. మహారాష్ట్రులకు వేరొక తిలక్ కూడ కలడు. పూలను గూర్చియు పిల్లలను గూర్చియు మృదువైన గేయములు వ్రాసిన నారాయణ వామన తిలక్ (1861-1919) అక్కడి పాఠకులకు చిరపరిచితుడు. అయితే తన లెక్కలో ఆయన మొదట క్రీస్తు భక్తుడు, ఆ తరువాతనే కవి. తనకు సర్వస్వముకంటె మిన్నయైన విశ్వాసమును, దానిని కులభ్రష్టతగా ఎంచు స్వజనమునకు ఏ భాషలో చెప్పవలెనన్నది ఆయన జీవితమంతటి సమస్య. ఆ సమస్యతో ఆయన పడిన పెనుగులాట వలన మరాఠీ వాఙ్మయము లాభపడినది.

కొంకణమున రత్నగిరి జిల్లాకు చెందిన కరజ్‌గావ్‌లో, చిత్పావన బ్రాహ్మణ కుటుంబమున తిలక్ జన్మించెను. బాల్యముననే తల్లిని పోగొట్టుకొని, ఇల్లు విడిచి, నాసిక్ చేరి సంస్కృతము నభ్యసించెను. ఒకచోట నిలుచు స్వభావము కాదు. ఊళ్లును కొలువులును మారుచునే యుండెను. 1893లో నాగపూరునుండి రాజ్‌నంద్‌గావ్‌కు పోవు రైలుబండిలో ఒక పాశ్చాత్యుడు తటస్థపడెను. ఇరువురును కవిత్వమును గూర్చియు మతమును గూర్చియు ముచ్చటించుకొనిరి. విడిపోవునప్పుడు ఆ పెద్దమనిషి ఒక క్రొత్త నిబంధన గ్రంథమును తిలక్ చేతిలో నుంచెను. తిలక్ దానిని చదువ నారంభించి, కొండమీది ప్రసంగము వద్దకు వచ్చుసరికి, ఇక విడువలేకపోయెను. 1895 ఫిబ్రవరి 10న బొంబాయిలో బాప్తిస్మము పొందెను. ఆ సంస్కారము దొరలచేత గాక స్వదేశీయుడైన బోధకునిచేతనే జరుగవలెనని పట్టుబట్టి, తుకారాం నాథోజీ అను బోధకునిచేత జరిపించుకొనెను. ఆ బోధకుని పేరు కూడ తుకారామే యగుట యాదృచ్ఛికమే కాని, తిలక్ కథలో అది చక్కగా అమరినది.

ఈ నిర్ణయమునకు మూల్యము చెల్లించినది ఆయన ఒక్కడే కాదు. భార్య లక్ష్మీబాయి మడి ఆచారము మితిమీరిన ఇంట పుట్టి పెరిగినది. 1880లో, ఇంకను పసితనము వీడకముందే, ఆమెకు వివాహమైనది. భర్త క్రైస్తవుడైనాడన్న వార్త చేరునాటికి ఆమె చేతిలో చిన్న కుమారుడు కలడు. భర్త బ్రతికియుండగనే ఆమె బంధువుల పంచన దాదాపు ఐదేండ్లు గడపవలసివచ్చెను. విశ్వాసమును సర్వోన్నతముగా నెంచినవారి చరిత్రలు వ్రాయువారు ఇట్టి ఐదేండ్లను సాధారణముగా ఒక వాక్యముతో దాటిపోవుదురు. లక్ష్మీబాయి దాటనీయలేదు. 1930ల మధ్యకాలమున వెలువడిన తన ఆత్మకథ ‘స్మృతిచిత్రే’లో ఆమె ఆ దుఃఖమును దాచక, భర్తను నిందింపక, తన్ను తాను చూచి నవ్వుకొనుచు వివరించినది. భారతీయ భాషలలో వెలసిన ఆత్మకథలలో ఇంత నిజాయితీ గలవి అరుదు.

ఇక తిలక్ ఎన్నుకొన్న భాష సంగతి. నాటి మరాఠీ క్రైస్తవ మందిరములలో పాశ్చాత్య బాణీలకు సరిపెట్టిన అనువాద గీతములు పెక్కు వినబడుచుండెను. పండరి యాత్రికుల గొంతున శతాబ్దములుగా పలుకుచున్న అభంగమును వదలి, ఈ అరువు రాగమేల యని తిలక్ భావించెను. వందలాది గీతములు రచించి, వానిలో పెక్కింటికి అభంగరూపమే ఇచ్చెను. మన హరికథవలె కథయు గానమును కలసిన కీర్తన ప్రక్రియను క్రీస్తు చరితమునకు ఉపయోగించెను. తెలుగువారికిది వింత కాదు. పురుషోత్తమ చౌదరి అంతకు ముందే కర్ణాటక రాగములలో క్రైస్తవ కీర్తనలను కూర్చియుండెను. అవి నేటికిని మన మందిరములలో పాడబడుచున్నవి. తిలక్ మరియొక అడుగు ముందుకు వేసెను. తాను తుకారాము అను సేతువు మీదుగా క్రీస్తును చేరితిననియు, ఈ దేశపు భక్తకవుల వాక్కు తనవారికి పాత నిబంధన వంటిదనియు ఆయన చెప్పెను. పండరి భక్తుడు దీనికి ఒప్పుకొనడు. అతనికి తుకారాము సేతువు కాడు, ఆవలి ఒడ్డు. ఆ అభ్యంతరము న్యాయమైనదే. అయినను, తాను విడిచివచ్చిన ఇంటిని తూలనాడక, అందలి దీపముతోనే దారి కనుగొంటినని చెప్పుటలో కృతజ్ఞత కలదు.

ఆయన బోధలో నాకు మిక్కిలి నచ్చు ఘట్టము వేదికమీద జరిగినది కాదు. లక్ష్మీబాయి తిరిగి భర్తను చేరినది, కాని తన మడిని మానలేదు. వంటయు నీరును వేరుగనే ఉంచుకొన్నది. తిలక్ బలవంతపెట్టలేదు. కులభేదములు దేవుడు చేసినవి కావు, మనుష్యులు చేసినవేనని ఆమె తనంతట తానే ఆలోచించి తేల్చుకొన్నది. 1900లో బాప్తిస్మము పొందినది. భర్త వాదమునకు లొంగితినని ఆమె ఎన్నడును చెప్పుకొనలేదు. అటుపిమ్మట అహమద్‌నగరులోని ఆ ఇంట బాలకవి ఠోమరే వంటి హిందూ యువకులు బిడ్డలవలె మసలిరి. బాలకవి హిందువుగానే వచ్చి, హిందువుగానే ఉండెను. ఆ కారణమున అతనికి ఆ ఇంట అన్నము గాని వాత్సల్యము గాని తగ్గలేదు.

మిషను నీడలోని క్రైస్తవము తనవారికి పరదేశీయముగ తోచుచున్నదన్న బాధ తిలక్‌ను వదలలేదు. 1917లో మిషను కొలువు విడిచి, ‘దేవాచా దర్బార్’ అను భక్తబృందమును నెలకొల్పెను. క్రీస్తును అనుసరింపదలచినవారు బాప్తిస్మము పొందినను పొందకున్నను అందు చేరవచ్చును. ఇది అటు సంఘపెద్దలకు కలవరము కలిగించు యోచన. ఇటు హిందువులకును అనుమానము కలిగించునదే. దాని ఫలితము చూచుటకు ఆయనకు వ్యవధి చిక్కలేదు. 1919 మే 9న బొంబాయిలో కన్నుమూసెను.

అసంపూర్ణముగ మిగిలిన పని మరియొకటి కలదు. క్రీస్తు చరిత్రను ‘క్రిస్తాయన’ మను పేర మహాకావ్యముగా ఓవీ ఛందస్సులో ఆయన ప్రారంభించియుండెను. ఓవీ జ్ఞానేశ్వరుని ఛందస్సు. తిరుగలి వద్ద స్త్రీలు పాడుకొను పాటల ఛందస్సు కూడ. 1616లో గోవా ప్రాంతమున ఫాదర్ థామస్ స్టీఫెన్స్ తన క్రిస్తపురాణమును కూర్చినదియు దానిలోనే. తిలక్ వ్రాసినవి పది పైచిలుకు అధ్యాయములు మాత్రమే. పాఠశాల మొగము చూడని లక్ష్మీబాయి తక్కిన అరువది పైచిలుకు అధ్యాయములను రచించినది. 1936లో ఆమె మరణించిన పిదప, వారి కుమారుడు దేవదత్తుడు చివరి అధ్యాయమును పూర్తిచేయగా, 1938లో ఆ కావ్యము వెలుగు చూచినది.