తేమ యంత్రం కొనేముందు అమ్మకందారును అడగవలసినవి

ధాన్యం వ్యాపారంలో లాభనష్టాలు తేమ శాతాన్నిబట్టి వుంటాయి. మద్దతు ధరపై కొనే ధాన్యంలో తేమ 17 శాతానికి మించరాదన్నది నిబంధన. 100 క్వింటాళ్ల లోడులో అసలు తేమ 18 శాతం వుండగా యంత్రం 17 చూపితే, ధాన్యాన్ని 17 శాతానికి ఆరబెట్టిన తర్వాత మిగిలేది సుమారు 98 క్వింటాళ్ల 80 కిలోలే. కొన్నవారికి 120 కిలోల తరుగు. యంత్రం ఎక్కువ చూపితే ఆ కోత రైతు నెత్తిన పడుతుంది. అందుచేతనే కొందరు మిల్లర్లు చేతి మీటర్లతో సరిపెట్టుకోక, లక్షల ఖరీదు చేసే పరారుణ కాంతి యంత్రాల వైపు మొగ్గుతున్నారు. అయితే ధరల పట్టిక చూసి ఆర్డరు ఇవ్వడం శ్రేయస్కరం కాదు.

ఈ యంత్రం నీటిని నేరుగా కొలవదు. గింజలు ఎంత కాంతిని పీల్చుకున్నదీ చూసి, ముందుగా ఇతర నమూనాలతో తయారుచేసిన లెక్క ప్రకారం తేమ చెబుతుంది. కనుక మొదటి ప్రశ్న ఆ లెక్క గురించే. దానిని ఏ రకాలతో తయారుచేశారు? దొడ్డు రకాలకు సరిచేసినది బి.పి.టి. 5204 వంటి సన్న రకానికి సరిపడకపోవచ్చు. ఎంత తేమ వరకు పరీక్షించారు? కోత యంత్రంతో కోసిన పచ్చి ధాన్యంలో తేమ 20 శాతం దాటడం కద్దు.

రెండవది, ఖచ్చితత్వం. ఒకే నమూనాకు పదిసార్లూ ఒకే అంకె వస్తుందని అమ్మకందారు చెప్పినంత మాత్రాన చాలదు. తప్పుడు తక్కెడ కూడా ప్రతిసారీ అదే తప్పు చూపుతుంది. ఓవెన్‌లో ఆరబెట్టి తేల్చిన తేమకూ, యంత్రం అంకెకూ తేడా ఎంతవరకు వుండగలదో కాగితంపై రాయించుకోవాలి.

అమ్మకందారు వెంట తెచ్చిన నమూనాలతో చేసే ప్రదర్శనను నమ్మరాదు. మిల్లుకు వచ్చిన సరుకు నుంచే ఇరవై ముప్ఫై నమూనాలు తీసి, ఒక్కొక్కటి రెండు భాగాలుచేసి, గాలి చొరకుండా కట్టి, ఒకటి లాబొరేటరీకి, రెండవది యంత్రానికి పంపాలి. కొన్నిటిని నంబర్లు మార్చి మళ్లీ యంత్రంలో పోయిస్తే నిజం బయటపడుతుంది.

మూడవది, కొన్న తర్వాతి ఖర్చు. దీపం మార్చడానికి ఎంత? కొత్త రకాలకు లెక్క సవరించడానికి వేరే రుసుము వున్నదా? సర్వీసు ఇంజనీరు ఏ వూళ్లో వుంటాడు? ఖరీఫ్ రాబడి ముమ్మరంగా వున్నప్పుడు యంత్రం ఆగితే బదులు యంత్రం ఇస్తారా? మిల్లు దుమ్ము, వేసవి ఎండ, కరెంటు హెచ్చుతగ్గుల వల్ల చెడితే గ్యారంటీ వర్తిస్తుందా? కొనుగోళ్లలో వాడదలిస్తే తూనికలు కొలతల శాఖ ఆమోదం సంగతి కూడా తేల్చుకోవాలి.

జవాబులన్నీ కొనుగోలు ఒప్పందంలో చేర్చి, సొమ్ములో కొంత భాగం పరీక్ష ముగిసేదాకా నిలిపి వుంచడం మేలు. నోటి మాటలు బిల్లు చెల్లించిన మర్నాడు అక్కరకు రావు.