పాల పంపుకు హార్స్‌పవర్ ఒక్కటే చాలదు!

చీరాల: బావి నీరు తోడే మోటారుతో పాలు తోడవచ్చునా? తోడవచ్చు. కాని ఆ పాలు మర్నాటిదాకా నిలవకపోవచ్చు. చీరాల, వేటపాలెం, పర్చూరు ప్రాంతాలలో పాల కేంద్రమో, పచ్చళ్ల తయారీయో పెట్టదలచినవారు ముందుగా గమనించవలసిన విషయమిది.

పాడి గేదెల మీద ఆధారపడిన కుటుంబాలు ఈ పల్లెలలో అనేకం. గుంటూరు జిల్లా వడ్లమూడిలో 1977లో ఏర్పడిన సంగం డెయిరీ వంటి సంస్థల మూలంగా ఇంటింటి పాలు ఒకచోట చేర్చి అమ్మడం ఇక్కడి రైతులకు అలవాటైంది. కేంద్రంలో పాలను 4 డిగ్రీల సెంటిగ్రేడుకు చల్లబరచి నిలవచేస్తారు. అందరి పాలూ కలిసేది ఒకే ట్యాంకులో. పంపులో మిగిలిన నిన్నటి పాలు ఇవాళ్టి ట్యాంకు మొత్తాన్ని పాడుచేయగలవు. ఆ నష్టం చివరకు పాలు పోసినవారి మీదే పడుతుంది.

కడగడానికి వీలుందా?

మామూలు నీటి పంపులో పోత ఇనుము గరుకుగా వుంటుంది. సందులూ, మూలలూ ఎక్కువ. అక్కడ ఇరుక్కున్న పాలు ఎంత కడిగినా పోవు. ఆహారపు పంపు స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసినదై, లోపల నునుపుగా వుండాలి. గరుకుదనం 0.8 మైక్రాను మించరాదన్నది పాల పరిశ్రమలో పాటించే ప్రమాణం. క్లాంపు విప్పగానే పంపు తల చేతికి రావాలి. ఆపినప్పుడు లోపల చుక్క నిలవకుండా కారిపోవాలి. సీళ్లు వేడి కాస్టిక్ సోడా నీటికీ, ఆమ్లపు కడుగుకూ తట్టుకోవాలి.

సరుకును బట్టి పంపు

పాలు, మజ్జిగ, పండ్లరసం వంటి పలుచని వాటికి సెంట్రిఫ్యూగల్ పంపు సరిపోతుంది. అయితే మరీ వేగంగా తిప్పినా, పీల్చే పైపులో గాలి చొరబడినా పాలు చిలికినట్లయి వెన్న తేలుతుంది. గేదె పాలలో వెన్న ఎక్కువ కనుక ఈ జాగ్రత్త మరీ అవసరం.

మామిడి గుజ్జు, మిరప ముద్ద వంటి చిక్కని వాటికి లోబ్ పంపు మేలు. ఇందులో రెండు రెక్కలు ఒకదానికొకటి తగలకుండా నెమ్మదిగా తిరుగుతూ సరుకును ముందుకు నెడతాయి. దీనికి రిలీఫ్ వాల్వు తప్పక వుండాలి. లేకుంటే దారి మూసుకుపోయినా పంపు నెడుతూనే వుంటుంది, పైపు పగలవచ్చు.

ఉప్పు, చింతపండు కలిసిన పచ్చళ్లకు 304 రకం స్టీలు కంటే 316 రకం నయం. ఉప్పుకు మొదటిది త్వరగా గుంటలు పడుతుంది.

కొనేముందు

సరుకు ఏది, ఎంత చిక్కన, ఎంత వేడి, గంటకు ఎన్ని లీటర్లు, ఎంత ఎత్తుకు పోవాలి? ఈ అయిదూ కాగితం మీద రాసి అమ్మకందారుకు చూపాలి. సీళ్లు ఒంగోలులోగాని, గుంటూరులోగాని దొరికేదీ లేనిదీ అడగాలి. ఆహారానికి తగిలే యంత్రాలు తుప్పుపట్టనివి, సులువుగా శుభ్రపడేవి అయి వుండాలని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు కూడా చెబుతున్నాయి.

అన్నిటికన్నా తేలిక పరీక్ష ఒకటుంది. అంగడిలోనే పంపును విప్పించి, తిరిగి బిగించమనాలి. అక్కడ విప్పడానికే తంటాలు పడే పంపును ఇంటికి తెచ్చాక రోజూ ఎవరూ కడగరు.