రిసార్టు పట్టణాల్లో ఖరీదైన ఇళ్ల కొనుగోలు: సామాజిక క్లబ్బులు, దాతృత్వం పాత్ర

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• రిసార్టు పట్టణంలో ఇంటి ధరను ప్రభావితం చేసే సామాజిక అంశాలను గుర్తించగలుగుతారు.
• క్లబ్బు సభ్యత్వానికీ ఇంటి విలువకూ ఉన్న సంబంధాన్ని ఒక లెక్కతో వివరించగలుగుతారు.
• దాతృత్వం సామాజిక ప్రవేశానికి మార్గంగా ఎలా పనిచేస్తుందో చెప్పగలుగుతారు.
• ఈ వ్యవస్థలో ఉన్న వెలివేతను, నష్టభయాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.

1. విషయ పరిచయం

ఇంటి ధర దేనిమీద ఆధారపడుతుందని అడిగితే స్థలం, విస్తీర్ణం, నిర్మాణ వ్యయం, రవాణా సదుపాయాలు, వడ్డీ రేటు అని చెబుతాం. ఉపాధి కోసం జనం వచ్చి స్థిరపడే నగరాలకు ఈ జాబితా చాలావరకు సరిపోతుంది. రిసార్టు పట్టణాలకు సరిపోదు. సముద్రతీరంలోనో, మంచుకొండల మీదనో ఉండే ఈ పట్టణాలకు వచ్చే సంపన్నుల్లో చాలామందికి అక్కడ ఉద్యోగం ఉండదు, బంధువులు ఉండరు. అది వారికి రెండో ఇల్లో, మూడో ఇల్లో. ఏడాదిలో కొన్ని నెలలే అక్కడ ఉంటారు. అలాంటి చోట పరిచయాలు వాటంతట అవి ఏర్పడవు. వాటిని ఏర్పరచే పనిని ముఖ్యంగా రెండు రకాల సంస్థలు చేస్తాయి. ఒకటి సామాజిక క్లబ్బులు, రెండోది దాతృత్వ సంస్థలు.

ఇల్లు డబ్బుకు దొరుకుతుంది. క్లబ్బు సభ్యత్వం డబ్బు ఒక్కదానికే దొరకదు. ఈ రెండింటి మధ్య దానం వంతెనగా పనిచేస్తుంది. కాబట్టి కొనుగోలుదారు చెల్లించే ధరలో కొంత భాగం గోడలకూ గదులకూ కాదు, ఒక సమాజంలోకి ప్రవేశం దొరుకుతుందన్న ఆశకు చెల్లించేది. ఈ విషయాన్ని అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని పామ్ బీచ్ పట్టణం ఆధారంగా పరిశీలిద్దాం.

2. అవసరమైన భావనలు

ప్రదర్శనాత్మక వినియోగం: థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లో వెలువరించిన గ్రంథంలో ఈ భావనను ప్రతిపాదించాడు. సంపన్నులు కొన్ని వస్తువులను ఉపయోగం కోసం కాక, తమ స్థాయి నలుగురికీ తెలియడం కోసం కొంటారు. స్థాయిని చూపాలంటే చూసేవారు కూడా ఉండాలి. ఆ చూసేవారిని ఒకచోట చేర్చేది క్లబ్బు.

క్లబ్బు వస్తువులు: జేమ్స్ బుకానన్ 1965లో క్లబ్బుల ఆర్థిక సిద్ధాంతాన్ని రూపొందించాడు. ఈత కొలను వంటి సదుపాయాన్ని కొందరు కలిసి పంచుకుంటే తలా భరించే ఖర్చు తగ్గుతుంది. సభ్యులు మరీ పెరిగితే రద్దీ వల్ల సదుపాయం విలువ తగ్గుతుంది. అందువల్ల ప్రతి క్లబ్బుకూ ఒక అనుకూలతమ సభ్యుల సంఖ్య ఉంటుంది.

స్థాన వస్తువులు: ఇతరులకు లేకపోవడం వల్లనే విలువ కలిగే వస్తువులు ఇవి. ఫ్రెడ్ హర్ష్ 1976లో ఈ భావనను చర్చించాడు. సముద్రాన్ని ఆనుకొని ఉన్న స్థలాన్ని ఎంత డబ్బు పోసినా పెంచలేం. దాని సప్లయి దాదాపు పూర్తిగా అవ్యాకోచం. డిమాండు పెరిగితే ఆ పెరుగుదల అంతా ధరలోనే కనిపిస్తుంది.

3. పామ్ బీచ్: హోటలు గది నుంచి సొంత ఇంటికి

పామ్ బీచ్ ఒక సన్నని తీరద్వీపం మీద ఉన్న చిన్న పట్టణం. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు 9,200 మంది స్థిర నివాసులు ఉన్నారు. స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన హెన్రీ ఫ్లాగ్లర్ 1894లో అక్కడ రాయల్ పాయిన్సియానా హోటలును ప్రారంభించాడు. 1896లో సముద్రపు ఒడ్డున మరో హోటలు కట్టాడు. అదే తరవాత బ్రేకర్స్‌గా ప్రసిద్ధమైంది. ఉత్తరాది చలికి తట్టుకోలేని సంపన్నులు ఫ్లాగ్లర్ రైలు మార్గం మీద వచ్చి, ఈ హోటళ్లలో చలికాలం గడిపి వెళ్లేవారు. పనివారి నివాసానికి సరస్సు అవతలి ఒడ్డున వెస్ట్ పామ్ బీచ్ పట్టణం ఏర్పడింది. విడిది చేసేవారు ఒక ఒడ్డున, పనిచేసేవారు మరో ఒడ్డున అన్న విభజన ఆనాడే మొదలైంది.

ఈ దశలో చాలామంది సంపన్నులు పామ్ బీచ్‌కు అతిథులే, ఇంటి యజమానులు కారు. ఈ మార్పుకు ఒక క్లబ్బు దోహదం చేసింది. కుట్టుమిషన్ల వ్యాపారి ఐజాక్ సింగర్ కుమారుడు పారిస్ సింగర్, వాస్తుశిల్పి ఆడిసన్ మిజ్నర్ కలిసి 1918లో ఒక భవనం కట్టడం మొదలుపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులు కోలుకునేందుకు ఆసుపత్రిగా దాన్ని తలపెట్టారు. భవనం పూర్తయ్యేలోగా యుద్ధం ముగిసింది. 1919 జనవరిలో అది ఎవర్‌గ్లేడ్స్ క్లబ్బుగా తెరుచుకుంది. దాతృత్వ సంకల్పంతో మొదలైన కట్టడం సంపన్నుల క్లబ్బుగా మారడం గమనించదగ్గ విషయం.

క్లబ్బు భవనాన్ని చూసి ముచ్చటపడిన ఈవా స్టోట్స్‌బరీ, బ్యాంకరైన ఆమె భర్త ఎడ్వర్డ్ తమకు ఒక భవనం కట్టిపెట్టమని మిజ్నర్‌ను కోరారు. అదే ఎల్ మిరసోల్. తరవాత మరెందరో సంపన్నులు అదే శైలిలో ఇళ్లు కట్టించుకున్నారు. ముందు క్లబ్బు, తరవాత ఇళ్లు అన్నది ఇక్కడి వరస. కలుసుకునే చోటు స్థిరపడ్డాక ఏటా తిరిగి వస్తామన్న నమ్మకం కలిగింది. ఆ నమ్మకంతోనే సొంత ఇంటికి డిమాండు పెరిగింది.

4. క్లబ్బు ఇంటి ధరను ప్రభావితం చేసే విధానాలు

క్లబ్బుకూ ఇంటికీ ఉన్న సంబంధాన్ని మూడు రకాలుగా విభజించవచ్చు.

(అ) ఆహ్వాన పద్ధతి: ఎవర్‌గ్లేడ్స్ వంటి పాత క్లబ్బుల్లో చేరాలంటే ఉన్న సభ్యులు ప్రతిపాదించాలి, బలపరచాలి. ఇల్లు కొన్నంత మాత్రాన సభ్యత్వం రాదు. అయినా సభ్యులతో రోజూ పరిచయం పెరగాలంటే ఆ ఊళ్లో ఉండాలి. అందువల్ల క్లబ్బు పరోక్షంగా ఇళ్ల డిమాండును పెంచుతుంది.

(ఆ) ఆస్తితో ముడిపడిన సభ్యత్వం: మోంటానా రాష్ట్రంలోని యెల్లోస్టోన్ క్లబ్బు మంచుకొండల మీద స్కీయింగ్ చేసేవారి ప్రైవేటు క్లబ్బు. అక్కడ ఆస్తి కొన్నవారే సభ్యులవుతారు. ఇలాంటి చోట క్లబ్బు భవితవ్యమే ఇంటి భవితవ్యం. 2008 ఆర్థిక సంక్షోభ కాలంలో ఆ క్లబ్బు దివాలా రక్షణ కోరింది. తరవాత కొత్త యాజమాన్యం కింద కోలుకుంది.

(ఇ) తప్పనిసరి సభ్యత్వం: ఫ్లోరిడాలోని కొన్ని గోల్ఫ్ కాలనీల్లో ఇల్లు కొంటే క్లబ్బులో చేరక తప్పదు. ఇక్కడ సభ్యత్వం కొందరికి ఆకర్షణ, మరికొందరికి భారం.

మూడో రకాన్ని ఒక ఊహాత్మక లెక్కతో చూద్దాం. అన్ని విధాలా సమానమైన రెండు ఇళ్లు ఉన్నాయనుకోండి. క్లబ్బు షరతు లేని ఇంటి ధర 20 లక్షల డాలర్లు. రెండో ఇంటికి ప్రవేశ రుసుము 1 లక్ష డాలర్లు, అది తిరిగి రాదు. వార్షిక చందా 25,000 డాలర్లు. వడ్డీ రేటు 5 శాతం అనుకొని, చందా ఎల్లకాలం కట్టాలంటే దాని ప్రస్తుత విలువ 25,000 ÷ 0.05 = 5 లక్షల డాలర్లు. మొత్తం భారం 6 లక్షలు.

క్లబ్బు వల్ల తనకు 8 లక్షల డాలర్ల ప్రయోజనం ఉందనుకునే కొనుగోలుదారు ఆ ఇంటికి 20 + 8 – 6 = 22 లక్షల వరకు ఇస్తాడు. గోల్ఫ్ ఆడని, 2 లక్షల ప్రయోజనమే కనిపించే మరొకరు 20 + 2 – 6 = 16 లక్షలకు మించి ఇవ్వరు. ఇల్లు ఒకటే. క్లబ్బు విలువను చూసే కన్ను మారింది. గోల్ఫ్ మీద ఆసక్తి ఉన్న తరం తగ్గిపోతే, ఇటుక కూడా కదలకుండానే ఇంటి ధర పడిపోతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
పై లెక్కలో వడ్డీ రేటు 4 శాతమైతే మొత్తం భారం ఎంత? మొదటి కొనుగోలుదారు గరిష్ఠంగా ఎంత ఇస్తాడు?
(సమాధానం: 7.25 లక్షలు, 20.75 లక్షలు)

5. దాతృత్వం: తెరిచి ఉన్న తలుపు

క్లబ్బు తలుపు మూసి ఉంటుంది. దాతృత్వ విందు తలుపు టికెట్టు కొన్నవారికి తెరుచుకుంటుంది. పామ్ బీచ్‌లో చలికాలపు సీజన్ అంతా ఆసుపత్రులు, మ్యూజియంలు, సేవాసంస్థల కోసం విందులు జరుగుతుంటాయి. ధాన్యపు ఉత్పత్తుల సంస్థకు వారసురాలైన మార్జోరీ మెర్రీవెదర్ పోస్ట్ 1957లో ఆరంభించిన అంతర్జాతీయ రెడ్‌క్రాస్ విందు వీటిలో ప్రసిద్ధమైనది.

ఈ విందుల్లో మెట్లు ఉంటాయి. మొదటిది టికెట్టు కొనడం. తరవాత మొత్తం టేబులు కొని అతిథులను పిలవడం, నిర్వాహక కమిటీలో చేరడం, చివరికి అధ్యక్షత వహించడం. కమిటీలో నెలల తరబడి కలిసి పనిచేసినవారు ఒకరినొకరు తెలుసుకుంటారు. రేపు క్లబ్బులో ప్రతిపాదించేవారు, బలపరిచేవారు ఆ పరిచయాల్లోంచే వస్తారు. అద్దె ఇంట్లో ఒక సీజన్ గడిపినవారు ఊరు తమను ఒప్పుకుందన్న భరోసా కలిగాక ఇల్లు కొనడానికి సిద్ధపడతారు.

దానం మరో విధంగా కూడా ఇంటి విలువను పెంచుతుంది. 1936లో ఏర్పడిన సొసైటీ ఆఫ్ ది ఫోర్ ఆర్ట్స్, 1941లో వెస్ట్ పామ్ బీచ్‌లో ప్రారంభమైన నార్టన్ మ్యూజియం, 1980లో ఏర్పడిన పామ్ బీచ్ ప్రిజర్వేషన్ ఫౌండేషన్ వంటి సంస్థలు ఆ ప్రాంతపు ఆకర్షణను పెంచాయి. ఊరి ఆకర్షణ పెరిగితే దాత ఇంటి విలువ కూడా పెరుగుతుంది. అంటే దానంలో కొంత భాగం దాతకే తిరిగి చేరుతుంది.

పన్నుల ప్రభావం కూడా ఉంది. ఫ్లోరిడాలో వ్యక్తిగత రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఇతర రాష్ట్రాల సంపన్నులు అక్కడికి నివాసం మార్చుకోవడానికి ఇదొక పెద్ద కారణం. దాతృత్వ విందు టికెట్టు విషయంలో కేంద్ర పన్ను నియమం ఇది: పుచ్చుకున్న భోజనం, వినోదాల విలువను తీసివేయగా మిగిలిన మొత్తానికే మినహాయింపు. 1,000 డాలర్ల టికెట్టులో భోజనం విలువ 250 అయితే 750 డాలర్లే దానం కింద లెక్క. మినహాయింపు వల్ల ప్రభుత్వానికి తగ్గే ఆదాయం భారం పరోక్షంగా మిగతా పన్ను చెల్లింపుదారుల మీద పడుతుంది. ఆ విందుకు వారు వెళ్లరు.

క్లబ్బు, దానం, ఇల్లు మూడూ ఒకేచోట కలిసిన ఉదాహరణ మార్-ఎ-లాగో. పోస్ట్ ఈ భవనాన్ని 1924–27 మధ్య కట్టించింది. 1973లో ఆమె మరణించాక, వీలునామా ప్రకారం అది అమెరికా ప్రభుత్వానికి దక్కింది. నిర్వహణ వ్యయం భారమై 1981లో ప్రభుత్వం దాన్ని పోస్ట్ ఫౌండేషన్‌కు తిరిగి ఇచ్చివేసింది. 1985లో డొనాల్డ్ ట్రంప్ కొన్నారు. 1993లో పట్టణంతో కుదిరిన ఒప్పందం సభ్యుల సంఖ్యను 500కు పరిమితం చేసింది. 1995లో అది క్లబ్బుగా ప్రారంభమైంది. ఒక కుటుంబానికి బరువైన ఖర్చును సభ్యులు పంచుకోవడం, రద్దీకి హద్దు పెట్టడం, ఈ రెండూ బుకానన్ సిద్ధాంతానికి చక్కని నిదర్శనాలు.

6. రెండు హెచ్చరికలు

వెలివేత: అమెరికాలో 1968 నాటి న్యాయమైన గృహవసతి చట్టం జాతి, మతం కారణంగా ఇల్లు అమ్మడానికి నిరాకరించడాన్ని నిషేధించింది. కాని 1964 పౌరహక్కుల చట్టం బహిరంగ ప్రదేశాల్లో వివక్షను నిషేధిస్తూనే నిజమైన ప్రైవేటు క్లబ్బులను మినహాయించింది. అందువల్ల ఒకే వీధిలో ఇల్లు కొనే హక్కు ఉన్నవారికి వీధి చివరి క్లబ్బులో ప్రవేశం లేకపోవచ్చు. పామ్ బీచ్ పాత క్లబ్బులు చాలాకాలం యూదులను చేర్చుకోలేదు. దానితో 1950లలో పామ్ బీచ్ కంట్రీ క్లబ్బు యూదుల క్లబ్బుగా రూపొందింది. అందులో చేరదలచినవారు గణనీయంగా దానధర్మాలు చేసినవారై ఉండాలన్నది పేరుపడ్డ ఆనవాయితీ. వెలివేతకు జవాబుగా పుట్టిన క్లబ్బు దానాన్ని అర్హతగా పెట్టుకుంది.

మూసిన వలయంలో నమ్మకం: బెర్నార్డ్ మేడాఫ్ ఆ క్లబ్బు సభ్యుడు, పామ్ బీచ్‌లో ఇంటి యజమాని, పేరున్న దాత. ఈ మూడూ కలిసి ఆయన నమ్మదగ్గ మనిషి అన్న సంకేతాన్నిచ్చాయి. తోటి సభ్యుల్లో చాలామంది తమ సొమ్మును, తాము నడిపే దాతృత్వ నిధులను ఆయన చేతుల్లో పెట్టారు. 2008 డిసెంబరు 11న ఆయన అరెస్టయ్యాడు. పాత మదుపుదారులకు కొత్తవారి సొమ్ము చెల్లిస్తూ నడిపిన మోసం బయటపడింది. 2009లో 150 ఏళ్ల జైలు శిక్ష పడింది. ఆయన పామ్ బీచ్ ఇంటిని ప్రభుత్వం స్వాధీనం చేసుకొని అమ్మింది. నష్టపోయిన దాతృత్వ సంస్థల్లో ఎలీ వీజెల్ ఫౌండేషన్ ఒకటి. దాని నష్టం సుమారు 1 కోటి 52 లక్షల డాలర్లు.

సామాజిక మూలధనం విచారణ ఖర్చును తగ్గిస్తుందని మనం పాఠంలో చదువుకుంటాం. తెలిసినవారి మాట మీద నమ్మకంతో పని త్వరగా జరుగుతుంది. అదే నమ్మకం అడగవలసిన ప్రశ్నను కూడా అడగనివ్వదని ఈ ఉదంతం చెబుతోంది. ఇంటి ధరలో 'ప్రవేశం' కోసం చెల్లించిన భాగం అన్నిటికంటె ముందు ఆవిరయ్యే భాగం కూడా అదే. స్థలం మిగులుతుంది, కట్టడం మిగులుతుంది. వలయం చెదిరితే దాని విలువ మిగలదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
ఇల్లు కొనే హక్కుకూ క్లబ్బులో చేరే అవకాశానికీ చట్టరీత్యా ఉన్న తేడా ఏమిటి?

7. సారాంశం

రిసార్టు పట్టణంలో ఖరీదైన ఇంటి కొనుగోలు స్థలంతో పాటు సామాజిక ప్రవేశంతోనూ ముడిపడి ఉంటుంది. క్లబ్బులు పరిచయాలను కొందరికే పరిమితం చేసి వాటి విలువను పెంచుతాయి. దాతృత్వం కొత్తవారికి మార్గం చూపుతుంది, ఊరి ఆకర్షణను పెంచుతుంది. పామ్ బీచ్‌లో ఎవర్‌గ్లేడ్స్ క్లబ్బు తరవాతే ఇళ్ల నిర్మాణం ఊపందుకుంది. తప్పనిసరి సభ్యత్వం ఉన్నచోట ఇంటి ధర కొనుగోలుదారు అభిరుచిని బట్టి పెరగవచ్చు, తగ్గవచ్చు. ఈ వ్యవస్థ ఆసుపత్రులకూ మ్యూజియంలకూ మేలు చేస్తూనే వెలివేతను నిలబెడుతుంది, మూసిన వలయంలో గుడ్డి నమ్మకాన్ని పెంచుతుంది.

8. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. క్లబ్బు వస్తువుల భావనను మార్-ఎ-లాగో ఉదాహరణతో వివరించండి.
2. దాతృత్వ విందుల్లో కనిపించే మెట్లను, వాటి సామాజిక ప్రయోజనాన్ని తెలపండి.

II. క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. క్లబ్బుకూ ఇంటికీ ఉన్న మూడు రకాల సంబంధాలను తగిన లెక్కతో చర్చించండి.
2. "దానంలో కొంత భాగం దాతకే తిరిగి చేరుతుంది." ఈ వాక్యంతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు రాయండి.

III. కార్యభారం
మీ ఊళ్లో గాని, మీకు దగ్గరలోని పట్టణంలో గాని సభ్యత్వం ఉన్నవారికే ప్రవేశమున్న ఒక క్లబ్బును ఎన్నుకోండి. సభ్యత్వం ఎలా ఇస్తారు, సభ్యులు ఏయే దానకార్యాలు చేస్తారు, చుట్టుపక్కల ఇళ్ల ధరలు ఎలా ఉన్నాయి అన్న విషయాలు తెలుసుకొని రెండు పుటల నివేదిక రాయండి.