విశ్రాంతి తీసుకున్నా తీరని అలసట



ఓ.పి.లో బి.పి. చూసే బల్ల దగ్గర మేము తరచుగా వినే మాట ఒకటుంది. "సిస్టరమ్మా, పండుకున్నా అలుపు పోతలేదు. ఏ పనీ చేయబుద్ధైతలేదు. ఊకె యాష్టకొస్తాంది." బి.పి. చూస్తే మామూలుగానే ఉంటుంది. జ్వరం ఉండదు. డాక్టరు గారు పరీక్షించి "పెద్ద జబ్బేమీ లేదమ్మా" అంటే సంతోషించవలసింది పోయి, వారి ముఖం ఇంకా చిన్నబోతుంది. జబ్బు లేదంటే తమది బద్ధకమేనని తేల్చినట్లు వారికి తోస్తుంది. ఇంట్లో వాళ్ళు అంతకు ముందే ఆ మాట అని ఉంటారు.

ఈ స్థితికి ఒక పేరున్నది. ఇంగ్లీషులో బర్నవుట్ అంటారు, అంటే కాలి ఆరిపోవడం. దీపంలో నూనె పోయడం మానేస్తే వెంటనే ఆరిపోదు. కొంతసేపు వత్తే కాలుతుంది. చూసేవారికి దీపం వెలుగుతున్నట్లే ఉంటుంది. బర్నవుట్ అంటే ఆ వత్తి కాలే దశ. మనిషి పనికి పోతూనే ఉంటాడు, వంట అవుతూనే ఉంటుంది, అందుకే పక్కవారికి తెలియదు.

ఈ మాటను వైద్య పత్రికలలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ నిపుణుడు. న్యూయార్క్ నగరంలో పేదలకు ఉచితంగా వైద్యం చేసే ఒక క్లినిక్‌లో ఆయన పని చేశారు. 1974లో ఆయన వ్రాసిన వ్యాసం అక్కడి రోగుల గురించి కాదు, అక్కడ సేవ చేస్తున్నవారి గురించి. అందరికంటే ఎక్కువ ఉత్సాహంతో వచ్చినవారే ముందుగా కుంగిపోవడం ఆయన గమనించారు. తరువాత క్రిస్టినా మాస్లాక్ అనే పరిశోధకురాలు 1981లో దీనిని కొలిచే ప్రశ్నావళిని తయారు చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుండి అమలులోకి తెచ్చిన వ్యాధుల పట్టికలో బర్నవుట్ ఉన్నది. అయితే దానిని ఒక రోగంగా కాక, పని వలన కలిగే స్థితిగా చేర్చారు. తగ్గించుకోకుండా చాలాకాలం మోసిన పని ఒత్తిడే దీనికి కారణమని అందులో చెప్పారు. ఈ తేడా మనకు చాలా ముఖ్యం. లోపం మనిషిలో ఉన్నదని ఆ పట్టిక చెప్పడం లేదు, పనిని చూడమంటున్నది.

దీని గుర్తులు మూడు. మొదటిది ఒంట్లో సత్తువ లేకపోవడం. తెల్లవారి లేచేటప్పటికే పెయ్యంతా బరువుగా, రాత్రంతా పని చేసినట్లుగా ఉంటుంది. తలనొప్పి, మెడ పట్టేయడం, కడుపులో మంట, నిద్ర మధ్యలో మెలకువ రావడం దీనితో పాటు వస్తాయి.

రెండవది మనసు ముడుచుకుపోవడం. ఇదే అన్నిటికంటే బాధాకరమైనది, ఎందుకంటే దీనిని అందరూ దుర్గుణంగా భావిస్తారు. నిన్నటివరకు రోగిని పేరు పెట్టి పలకరించిన నర్సు ఈ రోజు "ఏడో నంబరు బెడ్డు" అంటుంది. పిల్లలంటే ప్రాణం పెట్టే టీచరమ్మకు బడి గంట వింటేనే చిరాకు పుడుతుంది. పదేళ్ళుగా మంచం పట్టిన అత్తగారిని ఎత్తి దించిన కోడలికి, ఆమె పిలుపు వినగానే పళ్ళు పటపటలాడతాయి, ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం కలుగుతుంది. ప్రేమ పోయిందని కాదు. బరువు మోసి మోసి మొద్దుబారిన భుజానికి చేయి వేసినా తెలియనట్లే మనసు కూడా మొద్దుబారుతుంది.

మూడవది, ఏం చేసినా ఫలితం లేదనిపించడం. చేసిన పనిలో తప్పులు దొర్లుతాయి, చేతగానివారమైపోయామనే భావన వస్తుంది.

శరీరంలో జరిగేది కూడా కొంచెం తెలుసుకుందాము. ఆపద వచ్చినప్పుడు మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోనులను విడుదల చేస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది, ఒళ్ళు పరుగెత్తడానికి సిద్ధమవుతుంది. కుక్క వెంటపడినప్పుడు ఇది మేలే. కాని కుక్క వెళ్ళిపోయాక ఒళ్ళు చల్లబడాలి. కార్టిసాల్ తెల్లవారుజామున ఎక్కువగా, రాత్రికి తక్కువగా ఉండడం ప్రకృతి ఏర్పాటు. నెలల తరబడి ఒత్తిడి తెగకపోతే ఈ ఏర్పాటు చెదురుతుంది. అందుకే పగలు మగతగా, రాత్రి కళ్ళు తెరుచుకొని ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక పరిశోధన ప్రకటించాయి. వారానికి 55 గంటలు, అంతకు పైగా పని చేసేవారికి, 35 నుండి 40 గంటలు పని చేసేవారి కంటే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని తేలింది. కాబట్టి ఇది వట్టి మనసుకు సంబంధించిన సంగతి కాదు.

మన రాష్ట్రంలో ఈ స్థితిని అందరూ కళ్ళారా చూసినది కరోనా కాలంలో. 2020లో హైదరాబాదు గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కోవిడ్‌కే కేటాయించారు. ఆ జూన్‌లో అక్కడ ఒక జూనియర్ డాక్టరు మీద రోగి బంధువులు దాడి చేసినప్పుడు జూనియర్ డాక్టర్లు ధర్నాకు దిగారు. వారు అడిగిన వాటిలో ఒకటి, భారమంతా ఒక్క ఆసుపత్రి మీదనే ఉంచకుండా మిగతా ఆసుపత్రులకూ పంచమని. మా ఉద్దేశంలో బర్నవుట్‌కు అంతకంటే సరియైన మందు లేదు. ఓర్పు నేర్పమని వారు అడగలేదు, బరువు పంచమన్నారు.

2021 రెండవ అల మన వైపు మరీ తీవ్రంగా వచ్చింది. వరంగల్ ఎం.జి.ఎం.లో, చుట్టుపక్కల ఆసుపత్రులలో సిస్టర్లు పి.పి.ఇ. కిట్టు వేసుకున్నాక గంటల తరబడి మంచినీళ్ళు తాగేందుకు, మూత్రానికి పోయేందుకు కూడా వీలుండేది కాదు. ఆ మే నెలలో ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు ఎండలో ఇల్లిల్లు తిరిగి జ్వరం సర్వే చేసి మందుల కిట్లు ఇచ్చారు. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ కలిపి గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ప్రకటించింది. గౌరవం గొప్పదే. కాని అవార్డు వచ్చిన మరునాడు కూడా ఆశా వర్కరు చేతిలో అవే రిజిస్టర్లున్నాయి. చప్పట్లు కొట్టినందున అలసట తీరదు.

వ్యాధుల పట్టికలో బర్నవుట్‌ను ఉద్యోగానికే పరిమితం చేశారు. మేము ఇక్కడ కొంచెం విభేదిస్తాము. పక్షవాతం వచ్చిన భర్తను రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతూ, మధ్యలో పత్తి ఏరడానికి పోయి, వచ్చి వంట చేసే ఇల్లాలిది ఉద్యోగం కాదా? ఆమెకు నెల జీతం లేదు, ఆదివారం కూడా లేదు. హసన్‌పర్తి నుండి రోజూ హనుమకొండకు బస్సులో పోయి షాపులో పొద్దంతా నిలబడి వచ్చే ఆడపిల్లకు ఇంట్లో రెండవ డ్యూటీ కాచుకొని ఉంటుంది. మా దగ్గరకు యాష్ట అంటూ వచ్చేవారిలో ఇటువంటివారే ఎక్కువ.

అయితే ప్రతి అలసటా బర్నవుట్ కాదు. ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి. తెలంగాణలో సగం మందికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉన్నదని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నది. హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్న మనిషికి ఎన్ని మంచి మాటలు చెప్పినా మెట్లెక్కితే ఆయాసం తగ్గదు. థైరాయిడ్ మందగించినా, షుగరు పెరిగినా, బి12 విటమిన్ తగ్గినా అలసట ఇలాగే ఉంటుంది. గురకపెట్టి నిద్రలో ఉలిక్కిపడేవారి సంగతి వేరు, అది డాక్టరుకు ప్రత్యేకంగా చెప్పాలి.

సంఘంలో కొందరు విశ్వాసం తగ్గినందువలన ఇలా అవుతున్నదని అంటారు. ఆ మాటతో మనిషి ఇంకా కుంగిపోతాడు. బదరీవృక్షము క్రింద ఇక చాలని పడుకున్న ఏలీయాను జ్ఞాపకం చేసుకోండి. దూత వచ్చి ఆయనను గద్దించలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, మరల నిద్రపోనిచ్చాడు, మరల లేపి తినమన్నాడు. ప్రయాణం మాట ఆ తరువాతే వచ్చింది.

ఇప్పుడు జాగ్రత్తగా వినవలసిన సంగతి. నిద్ర పట్టడానికి చాలామంది పురుషులు, కొందరు స్త్రీలు కూడా, కల్లును ఆశ్రయిస్తారు. మన దగ్గర కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం వంటి మత్తుమందులు కలుపుతున్న సంగతి తెలిసిందే. 2015 సెప్టెంబరులో కల్తీని అరికట్టినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల నుండి ఎందరో వణుకుతూ, పిచ్చిగా మాట్లాడుతూ, ఫిట్స్‌తో ఆసుపత్రులకు వచ్చారు. తాము మత్తుమందుకు అలవాటు పడ్డామని వారిలో చాలామందికి తెలియనే తెలియదు. మెడికల్ షాపులో చీటీ లేకుండా తెచ్చుకునే నిద్రమాత్ర కూడా అదే మందు. రోజూ వాడుతున్నవారు ఈ వ్యాసం చదివి ఒక్కసారిగా మానవద్దు. అది ప్రమాదం. డాక్టరు చెప్పినట్లు కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి. సారా, బ్రాందీ కూడా నిద్రను తెచ్చినట్లే తెచ్చి అర్ధరాత్రి లేపుతాయి. చాయ్ సాయంత్రం నాలుగు తరువాత వద్దు. అందులోని కెఫీన్ సగం కరగడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది.

కోలుకోవడం ఎలా? ముందుగా నిద్ర. రాత్రి ఎప్పుడు పడుకున్నా, పొద్దున ఒకే వేళకు లేవండి. లేచిన గంటలోపు పది, పదిహేను నిమిషాలు ఎండలో నడవండి. వేళకు తిండి తినండి, ముఖ్యంగా అందరూ తిన్నాక మిగిలింది తినే తల్లులు.

వారం సెలవు పెట్టి ఊరికి పోయి వస్తే సరిపోతుందా అని అడుగుతారు. సెలవు మంచిదే, కాని తిరిగి వచ్చాక అదే బరువు అలాగే ఉంటే, సెలవులో వచ్చిన హాయి కొన్ని వారాలలోనే కరిగిపోతుంది. కనుక బరువును చూడాలి. మాస్లాక్, ఆమె తోటి పరిశోధకుడు మైకేల్ లైటర్ మనిషిని కాల్చే ఆరు సంగతులు చెప్పారు. పని మరీ ఎక్కువ కావడం, తన పని మీద తనకు అధికారం లేకపోవడం, తగిన ప్రతిఫలం లేకపోవడం, తోటివారితో పొసగకపోవడం, అన్యాయం, మనస్సాక్షికి విరుద్ధమైన పని. మీకు ఈ ఆరింటిలో ఏది బాధిస్తున్నదో ఒక కాగితం మీద వ్రాయండి. అందరూ పని ఎక్కువని మొదలుపెడతారు. వ్రాస్తూ పోతే చాలామందికి అసలు నొప్పి రెండవ దాని దగ్గర తేలుతుంది. ఎంత పనైనా చేయవచ్చు, కాని ఎప్పుడు ఏ పని మీదకు తోస్తారో తెలియకపోవడం మనిషిని నలిపేస్తుంది.

వార్డులలో డ్యూటీ పట్టిక వ్రాసేది మేమే కాబట్టి ఈ మాట అనుభవంతో చెబుతున్నాము. నెల పట్టిక ముందుగా చేతికిస్తే, అదే పని, అదే సిస్టర్లు, కాని సణుగుడు తగ్గుతుంది. పొద్దుటి డ్యూటీ నుండి సాయంత్రానికి, అక్కడి నుండి రాత్రికి మారడం ఒంటికి తేలిక. వెనక్కి మారడం కష్టం. సాయంత్రం డ్యూటీ దిగి తెల్లవారి మళ్ళీ ఎక్కమంటే ఎవరికైనా నిద్ర ఎక్కడ నుండి వస్తుంది? ఈ సంగతి ఫ్యాక్టరీలకూ, సెక్యూరిటీ ఏజెన్సీలకూ కూడా వర్తిస్తుంది.

ఇంట్లో రోగిని చూసుకునేవారికి యజమాని లేడు, పట్టిక లేదు. వారికి కుటుంబమే వ్రాయాలి. "నీకేం కావాలో చెప్పు" అంటే ఆమె ఏమీ చెప్పదు, చెప్పే ఓపిక కూడా ఉండదు. "మంగళ, శుక్రవారాలు మధ్యాహ్నం రెండు నుండి ఐదు వరకు మామయ్య దగ్గర నేనుంటా వదినా, నువ్వు పోయి పండుకో" అనాలి. రోజు, వేళ, మనిషి, మూడూ తేలాలి. పట్నంలో ఉండి డబ్బు పంపే కొడుకులు ఏడాదికి ఒక పది రోజులైనా వచ్చి స్వయంగా ఆ పని చేస్తే, తమ అక్క ఎందుకు కసురుకుంటున్నదో వారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఒక్క హెచ్చరిక. బర్నవుట్ ఉన్నవారికి మొదట్లో పనికి దూరమైతే కొంత తేలిక పడుతుంది. మనుమడు వస్తే నవ్వుతారు. అలా కాక, రెండు వారాలకు పైగా ఏదీ, ఎవరూ సంతోషం ఇవ్వకపోయినా, తిండి సహించకపోయినా, బ్రతికి లాభం లేదనే మాట వచ్చినా అది డిప్రెషన్ కావచ్చు. దానికి మందులున్నాయి, అవి పని చేస్తాయి. చావు మాట ఎత్తిన మనిషిని ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలు ఇంట్లో నుండి తీసివేయండి. 2022 అక్టోబరు నుండి పని చేస్తున్న టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎం.జి.ఎం.లో మానసిక వైద్య విభాగం ఉన్నది. అత్యవసరమైతే 108.

నెలల తరబడి కాలిన వత్తి వారంలో కుదురుకోదు. మూడు నెలలు, ఆరు నెలలు, కొందరికి అంతకు మించి పట్టవచ్చు. ముందు నిద్ర బాగుపడుతుంది, తరువాత చిరాకు తగ్గుతుంది, పని మీద ఇష్టం అన్నిటికంటే చివర వస్తుంది. అది రాలేదని రెండవ నెలలోనే నిరాశపడవద్దు.

ఓ.పి.కి వచ్చేటప్పుడు మీరు వాడుతున్న మందుల పట్టీలన్నీ, షాపులో అడిగి తెచ్చుకున్నవి సహా, సంచిలో వేసుకొని రండి. వీలైతే ఇంట్లో ఒకరిని, ముఖ్యంగా మీది బద్ధకమని అనేవారినే, వెంట తీసుకొని రండి. వారితో కూడా మేము మాట్లాడతాము.