వేళ్ళలోని ఎరువు కార్ఖానా



సూక్ష్మజీవి అనగానే మనకు తెగులే గుర్తుకొస్తుంది. కాని పాలను పెరుగు చేసేదీ సూక్ష్మజీవే. మన గాంధారి చేలల్లో సోయా, కంది, పెసర వేళ్ళలో కాపురముండే రైజోబియం కూడా అట్టి మేలు చేసే జీవియే. 1888లో బైయరింక్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు దీనిని వేరుచేసి చూపాడు.

గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే. అయినా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. రైజోబియం వేళ్ళపై బుడిపెలు కట్టించి, ఆ నత్రజనిని మొక్కకు పనికివచ్చేలా మార్చి ఇస్తుంది. బదులుగా మొక్క దానికి చక్కెర పెడుతుంది. యూరియా అతిగా చల్లితే బుడిపెలు సరిగా కట్టవు, డబ్బూ దండుగే.

పూతకు ముందు ఒక మొక్కను మట్టితో తవ్వి, బుడిపెను కోసి చూడండి. లోపల ఎర్రగా ఉంటే పని జరుగుతోందన్నమాట.

బుడిపెలు లేకుంటే వచ్చే వానకాలం విత్తనానికి కల్చరు పట్టించండి. 100 మిల్లీలీటర్ల నీళ్ళలో 10 గ్రాముల బెల్లం మరిగించి, బాగా చల్లార్చి, 8 కిలోల విత్తనంపై చల్లి, 200 గ్రాముల కల్చరు కలపండి. నీడలో ఆరబెట్టి వెంటనే విత్తండి. తెగులు మందు పట్టించేదుంటే ముందే కానివ్వండి.

సోయాకు సోయా కల్చరే అడిగి తీసుకోండి. పొట్లాన్ని ఎండలో ఉంచకండి. అందులో ఉన్నవి ప్రాణమున్న జీవులు సుమా!