కొన్న పాట ఎవరిది? భౌతిక ఆల్బమ్, డిజిటల్ డౌన్‌లోడ్ – ఆకరాల దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
గ్రామఫోను రికార్డు, ఎల్.పి., క్యాసెట్, సి.డి. అనే వస్తువుల రూపంలో ఒకప్పుడు శ్రోతకు చేరిన పాట, ఇప్పుడు డౌన్‌లోడ్ చేసుకునే ఫైలుగా, అంతకన్నా ఎక్కువగా చందా కట్టి వినే ప్రసారంగా చేరుతున్నది. ఈ మార్పును సాధారణ శ్రోత ధర, సౌకర్యం అనే కొలతలతో చూస్తాడు. పాటను ప్రాథమిక ఆకరంగా స్వీకరించే సాహిత్య పరిశోధకుడు మాత్రం యాజమాన్యం, కర్తృత్వ సమాచారం, పాఠం, భద్రత అనే కొలతలతో చూడవలసి ఉంటుంది. ఈ నాలుగు కొలతలతో రెండు రూపాలనూ పోల్చి, తెలుగు పాటల పరిశోధనకు ఏది ఏ మేరకు ఉపకరిస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: గ్రామఫోను రికార్డు, డిజిటల్ డౌన్‌లోడ్, కాపీరైట్ చట్టం, పాఠాంతరం, గీతరచయిత, ధ్వని ఆకరాలు.

1. ఉపోద్ఘాతం

సినిమా పాట, జానపద గేయం, ఉద్యమ గీతం, నాటక పద్యం – ఇవన్నీ నేడు విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో పరిశోధనాంశాలు. వీటిలో చాలావాటికి అచ్చుప్రతి కన్నా ముందు పుట్టినది ధ్వనిప్రతి. సంకలనాల్లో అచ్చయిన పాఠానికీ, పాడిన పాఠానికీ తేడా వచ్చినప్పుడు తీర్పు చెప్పవలసినది ధ్వనిప్రతే. శంకరంబాడి సుందరాచారి రచించిన తెలుగుతల్లి గీతం జనంలోకి వెళ్లడంలో టంగుటూరి సూర్యకుమారి పాడిన గ్రామఫోను రికార్డు పాత్ర ఎంతటిదో తెలిసినదే. జంధ్యాల పాపయ్యశాస్త్రి పద్యాలు ఘంటసాల గొంతులో రికార్డుల ద్వారానే అక్షరజ్ఞానం లేనివారికి సైతం కంఠస్థమయ్యాయి. ఇటువంటి రచనల ప్రచార చరిత్రను రాయాలంటే పుస్తకంతో పాటు రికార్డునూ చూడాలి.

అందువల్ల పాటను కొనడం పరిశోధకుని విషయంలో వినోదానికి చేసే ఖర్చు కాదు, ఆకర సేకరణ. సేకరించిన ఆకరం పదేళ్ల తరువాత కూడా తన దగ్గర ఉంటుందా? దానిని ఎవరు రాశారో, ఎవరు పాడారో అదే చెబుతుందా? మరొక పరిశోధకునికి చూపించి తన నిర్ణయాన్ని సరిచూసుకొమ్మనగలడా? భౌతిక, డిజిటల్ రూపాల తారతమ్యాన్ని ఈ ప్రశ్నల వెలుగులో పరిశీలించాలి.

2. వస్తువు నుంచి ఫైలు దాకా

భారతదేశంలో వాణిజ్యపరమైన ధ్వనిముద్రణకు 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ తదితరుల పాటల రికార్డింగు నాంది పలికింది. లక్కతో చేసిన 78 ఆర్.పి.ఎం. రికార్డు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల ధ్వనిని మాత్రమే ఇముడ్చుకోగలిగేది. 1948లో ఎల్.పి., 1963లో క్యాసెట్, 1982లో సి.డి. వచ్చాయి. వీటిలో క్యాసెట్ తెచ్చిన మార్పు విశిష్టమైనది. రికార్డు తయారీకి పెద్ద కర్మాగారం కావాలి. క్యాసెట్‌కు చిన్న పెట్టుబడి చాలు. అందుకే బుర్రకథ, ఒగ్గుకథ, భజన కీర్తనలు, జననాట్యమండలి పాటలు క్యాసెట్ల రూపంలో ఊరూరా తిరిగాయి.

ఎం.పి.3 పద్ధతి ఫైలు పరిమాణాన్ని బాగా తగ్గించి, పాటను ఇంటర్నెట్ ద్వారా పంపడాన్ని సుసాధ్యం చేసింది. 2003 ఏప్రిల్‌లో ఆపిల్ సంస్థ ప్రారంభించిన ఐట్యూన్స్ దుకాణం ఒక్కో పాటను 99 సెంట్లకు విక్రయించింది. ఆల్బమ్ మొత్తం కొనకుండా కావలసిన ఒక్క పాటనే కొనే వీలు దీనితో స్థిరపడింది. ఆ దుకాణం 2012 డిసెంబరులో భారతదేశానికి వచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఫ్లిప్‌కార్ట్ సంస్థ ‘ఫ్లైట్’ పేరుతో పాటల డౌన్‌లోడ్ దుకాణం తెరిచింది. అది ఏడాదిన్నర తిరగకముందే, 2013 జూన్‌లో మూతపడింది. ఆ తరువాత మన దేశంలో శ్రోతలు ఎక్కువగా స్ట్రీమింగ్ సేవలవైపు మళ్లారు. అంటే తెలుగు పాట విషయంలో డౌన్‌లోడ్ కొనుగోలు అనేది క్యాసెట్, సి.డి. యుగానికీ, చందా యుగానికీ మధ్య వచ్చిన చిన్న సంధికాలం మాత్రమే.

3. యాజమాన్యమా, అనుమతా?

క్యాసెట్ కొన్నవాడు ఆ వస్తువుకు యజమాని. పాట మీద హక్కు అతనికి రాదు కాని, ఆ ప్రతిని దాచుకోవచ్చు, వారసులకు ఇవ్వవచ్చు, గ్రంథాలయానికి బహూకరించవచ్చు. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారంనాటి పాత పుస్తకాల బజారు ఎందరో పరిశోధకులకు అరుదైన గ్రంథాలను అందించగలగడానికి కారణం, పుస్తకం చేతులు మారగల వస్తువు కావడమే. పాత రికార్డులు వ్యక్తిగత సేకరణల్లోకి చేరిన దారి కూడా అదే. వి.ఎ.కె. రంగారావు వంటి సేకర్త వేలాది 78 ఆర్.పి.ఎం. రికార్డులను పోగుచేయగలగడం ఈ లక్షణం వల్లనే సాధ్యమైంది.

డౌన్‌లోడ్ విషయం వేరు. దుకాణంలో ‘కొనండి’ అనే మాట కనిపించినా, నిబంధనల్లో ఇచ్చేది సాధారణంగా వినడానికి అనుమతి మాత్రమే. అమెరికాలో కొన్న ప్రతిని తిరిగి అమ్ముకునే హక్కును చట్టం గుర్తిస్తుంది. కాని వాడిన డిజిటల్ పాటలను తిరిగి అమ్మే రీడిజి అనే సంస్థ మీద క్యాపిటల్ రికార్డ్స్ వేసిన వ్యాజ్యంలో 2018లో అప్పీలు న్యాయస్థానం ఆ సంస్థకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. ఫైలును ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి పంపడమంటే కొత్త ప్రతిని తయారుచేయడమే కనుక, అది పాత ప్రతిని అమ్మడం కిందికి రాదన్నది ఆ తీర్పు సారాంశం. ఈ తర్కం ప్రకారం డిజిటల్ పాటకు ‘పాత బజారు’ ఉండదు.

తాళం వేసిన ఫైళ్లతో మరొక చిక్కు ఉంది. మైక్రోసాఫ్ట్ సంస్థ నడిపిన ఎం.ఎస్.ఎన్. మ్యూజిక్ దుకాణంలో కొన్న పాటలు కొత్త కంప్యూటరులో మోగాలంటే ఆ సంస్థ సర్వరు అనుమతి అవసరమయ్యేది. ఆ సర్వర్లను నిలిపివేస్తామని 2008లో సంస్థ ప్రకటించినప్పుడు, డబ్బు పెట్టి కొన్నవారు తమ పాటల భవిష్యత్తు తమ చేతుల్లో లేదని తెలుసుకున్నారు. వ్యతిరేకత రావడంతో గడువు పొడిగించారు. ఐట్యూన్స్ పాటలకు ఇటువంటి తాళం 2009లో తొలగిపోయింది. తాళం లేని ఫైలును సొంత డిస్కులో భద్రపరచుకుంటే, దుకాణం మూతపడినా అది మోగుతుంది. అనుమతికీ యాజమాన్యానికీ మధ్య డౌన్‌లోడ్‌ది నడిమి స్థానం. చందా సేవలో ఆ మాత్రం కూడా మిగలదు. హక్కుదారుతో ఒప్పందం ముగిస్తే, నిన్న విన్న పాట నేడు జాబితాలో కనిపించదు.

4. రచయిత పేరు: గద్య లేని కావ్యం

ప్రాచీన తెలుగు కావ్యాల్లో ఆశ్వాసాంత గద్య కవి పేరును, తండ్రి పేరును, కావ్య నామాన్ని చెబుతుంది. వ్రాయసకాని చేతిలో ప్రతి ఎన్నిసార్లు మారినా గద్య వెంట ఉన్నంతకాలం కర్తృత్వం నిలిచేది. గద్య లోపించిన ప్రతుల విషయంలో వాదోపవాదాలు చెలరేగిన సందర్భాలు సాహిత్య చరిత్రలో ఉన్నాయి. రికార్డు లేబుల్, క్యాసెట్ అట్ట, సి.డి. చిన్నపుస్తకం పాటకు అటువంటి గద్య వంటివి. కంపెనీ పేరు, జాబితా సంఖ్య, గాయకులు, సంగీత దర్శకుడు, గీతరచయిత, విడుదల సంవత్సరం వాటిలో దొరుకుతాయి. అన్ని రికార్డులూ ఈ వివరాలన్నీ ఇచ్చాయని కాదు. తొలినాళ్ల లేబుళ్లలో గీతరచయిత పేరు లేనివి అనేకం. అక్కడ సినిమాహాళ్లలో అమ్మిన పాటల పుస్తకం అక్కరకు వస్తుంది.

ఎం.పి.3 ఫైలుకు వివరాలు జోడించడానికి 1996లో వచ్చిన ఐ.డి.3 తొలి పద్ధతిలో మొత్తం 128 బైట్ల చోటు ఉండేది. పాట పేరుకు 30 అక్షరాలు, కళాకారునికి 30, ఆల్బమ్‌కు 30, సంవత్సరానికి 4. గీతరచయితకు ప్రత్యేకమైన గడి లేదు. తెలుగు లిపికి చోటు లేదు. రోమన్ లిపిలో రాసినప్పుడు ‘కల’, ‘కళ’ ఒకటైపోతాయి. ‘పాట’, ‘పాత’ తేడా చెరిగిపోతుంది. తరువాతి పద్ధతుల్లో గీతరచయితకు వేరే గడి, యూనికోడ్ లిపికి వీలు వచ్చాయి. అయినా గడి ఉండడం వేరు, దానిని నింపడం వేరు. ‘కళాకారుడు’ అనే ఒక్క గడిలో గాయకుని పేరో, సంగీత దర్శకుని పేరో చేరితే, పాటను సాహిత్యంగా చదివేవారికి మొదట కావలసిన పేరు బయటే ఉండిపోతుంది.

చట్టం కూడా ఈ లోటును పూర్తిగా తీర్చలేదు. 1957 కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52ఎ ప్రకారం ధ్వనిముద్రణ మీదా, దాని పెట్టె మీదా ముద్రణకర్త పేరు, చిరునామా, కృతి హక్కుదారు పేరు, చిరునామా, తొలి ప్రచురణ సంవత్సరం చూపాలి. గీతరచయిత పేరును ఆ సెక్షన్ విడిగా అడగదు. హక్కు నిర్మాతకు బదిలీ అయిన చోట, రచయిత పేరు లేకపోయినా ఈ సెక్షన్‌ను పాటించినట్లే అవుతుంది. 2012 సవరణతో వచ్చిన 65బి సెక్షన్ కర్త పేరు వంటి హక్కుల సమాచారాన్ని తెలిసి, అనుమతి లేకుండా తొలగించడాన్ని నేరంగా పరిగణిస్తుంది. అయితే మొదట చేర్చని సమాచారాన్ని తొలగించే ప్రసక్తి రాదు.

5. పాఠాంతరాలు, ధ్వని నాణ్యత

మూడు నిమిషాల పరిమితి పాట పాఠాన్ని ప్రభావితం చేసింది. సినిమాలో ఉన్న చరణం రికార్డులో లేకపోవచ్చు. పొడవైన పాటను రెండు వైపులకు పంచి ఉండవచ్చు. చిత్రం కోసం పాడినది ఒకటి, రికార్డు కోసం మళ్లీ పాడినది మరొకటి కావచ్చు. పాత పాటను డిజిటల్ రూపంలోకి మార్చినప్పుడు వీటిలో ఏ ప్రతిని ఆధారం చేసుకున్నారో ఫైలు సాధారణంగా చెప్పదు. తాళపత్ర ప్రతిని పరిష్కరించేవారు ఏ ప్రతిలో ఏ పాఠమో సూచించినట్లే, పాటను ఉదాహరించేవారు ఏ రికార్డులోని పాఠమో సూచించాలి. లేబుల్ అంచున చెక్కిన మాతృక సంఖ్య ఏ ముద్రణ నుంచి ఆ ప్రతి వచ్చిందో గుర్తించడానికి తోడ్పడుతుంది.

ధ్వని నాణ్యతను కూడా ఈ కోణంలోనే చూడాలి. నాలుగు నిమిషాల పాట సి.డి.లో దాదాపు 42 మెగాబైట్లు. 128 కిలోబిట్ల ఎం.పి.3గా మార్చితే 4 మెగాబైట్లకు లోపే. మానవ శ్రవణానికి అంతగా అందదని లెక్కగట్టిన భాగాలను ఆ పద్ధతి వదిలేస్తుంది. మాటలు గ్రహించడానికి ఇది తరచు సరిపోతుంది. ఉచ్చారణను, ఊనికను, వెనుక వాద్యాల పొందికను సూక్ష్మంగా విశ్లేషించేవారు మాత్రం నష్టం లేని కుదింపు ఉన్న ఫైలునో, సి.డి.నో ఆశ్రయించాలి. వదిలేసిన భాగం మళ్లీ రాదు.

6. భద్రత – చట్టం ఇచ్చిన ఒక వెసులుబాటు

భౌతిక ప్రతి చిరంజీవి కాదు. లక్క రికార్డు చేయిజారితే పగిలిపోతుంది. క్యాసెట్ టేపుకు బూజు పడుతుంది. తేమ, వేడి ఎక్కువగా ఉండే తీర జిల్లాల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. పైగా వాయించే యంత్రాలు, వాటిని బాగుచేసేవారు అరుదవుతున్నారు. డిజిటల్ ఫైలును ఎన్నిసార్లు నకలు చేసినా ధ్వని తరగదు. కాని హార్డ్ డిస్క్ ఒక్కరోజులో చెడిపోగలదు. కనుక భద్రత రూపంలో లేదు, పలు చోట్ల నకళ్లు ఉంచే శ్రద్ధలో ఉంది.

ఇక్కడే చట్టంలోని ఒక అంశం తెలుగు శాఖలకు, గ్రంథాలయాలకు ముఖ్యమవుతుంది. కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఎన్) ప్రకారం వాణిజ్యేతర ప్రజా గ్రంథాలయం ఒక కృతిని భద్రపరచడం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో నిల్వచేయవచ్చు. అయితే ఆ కృతికి డిజిటల్ కాని ప్రతి అప్పటికే ఆ గ్రంథాలయంలో ఉండాలి. అంటే పాత క్యాసెట్‌ను, రికార్డును పనికిరానివిగా భావించి తొలగించే గ్రంథాలయం, వస్తువుతో పాటు ఈ వెసులుబాటునూ కోల్పోతుంది. మరోవైపు 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టం పుస్తకాలకు, ఆ తరువాత పత్రికలకు వర్తించింది కాని ధ్వనిముద్రణలకు వర్తించదు. పుస్తకం ఒక ప్రతి జాతీయ గ్రంథాలయానికి చేరాలన్న నియమం ఉన్నది. పాటకు అటువంటి నియమం లేదు. ధ్వనిముద్రణకు కాపీరైట్ ప్రచురణ తరువాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు. ఆ గడువు తీరేనాటికి ప్రతి మిగలకపోతే, హక్కు ప్రజలదైనా పాట ప్రజలది కాజాలదు.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

భౌతిక ఆల్బమ్ యాజమాన్యాన్ని, కర్తృత్వ సమాచారాన్ని, చట్టపరమైన భద్రతా వెసులుబాటును ఇస్తుంది. డిజిటల్ డౌన్‌లోడ్ తరగని నకలును, వెతుక్కునే సౌకర్యాన్ని ఇస్తుంది. తాళం లేని డౌన్‌లోడ్ చందా సేవ కన్నా పరిశోధనకు మెరుగైన ఆకరం. చందా సేవ పాటను కనుగొనడానికి దారి చూపుతుందే గాని ఆకరంగా నిలవదు.

పరిశోధకులు పాటను ఉదాహరించేటప్పుడు కంపెనీ, జాబితా సంఖ్య, రూపం, వైపు, సంవత్సరం పేర్కొనడం అలవాటు చేసుకోవాలి. ఫైలును ఆధారం చేసుకుంటే కొన్న దుకాణం పేరును, తేదీని, ఫైలు రకాన్ని నమోదు చేయాలి. భౌతిక ప్రతి దొరికినప్పుడు ధ్వనితో పాటు లేబుల్‌నూ, అట్టనూ రెండు వైపులా ఛాయాచిత్రం తీసి దాచాలి.

పెద్ద కంపెనీల సినిమా పాటలు ఏదో ఒక రూపంలో మళ్లీ వస్తూనే ఉంటాయి. చిన్న సంస్థలు విడుదల చేసిన ఒగ్గుకథ, బుర్రకథ, ఉద్యమ గీతాల క్యాసెట్లలో అనేకానికి డిజిటల్ రూపమే రాలేదు. వాటికి ఇళ్లలోని అటకలే భాండాగారాలు. ఇకమీదట చేసే సేకరణ అక్కడి నుంచి మొదలుకావాలి.