మత్తు మానేసినా మనిషి మామూలు కాలేదేమి?

"మానేసి నెల దాటింది సిస్టర్. అయినా వాడు మంచం దిగడు, ఎవరితోనూ మాట్లాడడు. సోమరితనమా, లేక దొంగచాటుగా ఇంకా తీసుకుంటున్నాడా?" నంద్యాల, ఆళ్లగడ్డ నుండి వచ్చే తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఆ రెండూ కాకపోవచ్చును. మెదడుకు తగిలిన దెబ్బ ఇంకా మానలేదు.

ఇక్కడ చెప్పేది సారాయి, గంజాయి సంగతి కాదు. ఉత్తేజం కలిగించే మత్తు మందుల సంగతి. పిల్లలు ఐస్ అనో, క్రిస్టల్ అనో పిలిచే మెథాంఫెటమిన్, ఎండీఎంఏ, కొకైన్ వంటివి. "మా ఊళ్లో ఇవెక్కడివి" అనుకోకండి. మన పిల్లలు చదువుకు, ఉద్యోగానికి వెళ్లేది హైదరాబాద్, బెంగళూరులకే. 2017లో హైదరాబాద్‌లో ఎక్సైజ్ శాఖ ఎల్‌ఎస్‌డీ, ఎండీఎంఏ కేసు పట్టినప్పుడు విద్యార్థులు కూడా కొంటున్నారని బయటపడింది.

మన మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంటుంది. సంతోషానికి, పని చేయాలనే కోరికకు అది అవసరం. నరాల కొసలలో చిన్న చిన్న సంచులలో నిలువ ఉండి, కావలసినప్పుడు కొద్దికొద్దిగా విడుదల అవుతుంది. మెథాంఫెటమిన్ ఆ సంచులనే ఖాళీ చేయిస్తుంది. కేసీ కాలువ నీళ్లు తూము ద్వారా వస్తే పైరు పండుతుంది, గండి పడితే చేను కొట్టుకుపోతుంది. ఇదీ అంతే. సంచి బయట పడిన డోపమైన్ విషంగా మారి నరాల కొసలను కాల్చివేస్తుంది. మొదలు చాలావరకు బ్రతికే ఉంటుంది, కొమ్మలు ఎండిపోతాయి.

శరీరం వేడెక్కితే ఈ నష్టం మరీ ఎక్కువని జంతువులపై చేసిన పరిశోధనలలో తేలింది. వేసవిలో మన నంద్యాలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి కదా! ఈ మందు తీసుకున్నవారికి ఒళ్లు కాలిపోతూ, మాట తడబడితే అది మామూలు జ్వరం కాదు, జ్వరం మాత్రకు దిగదు. తడిబట్టలు కప్పి, గాలి విసురుతూ వెంటనే 108కి ఫోన్ చేయండి. ఏమి తీసుకున్నాడో డాక్టరుగారికి దాచకుండా చెప్పండి. పరువు గురించి తరువాత చూసుకోవచ్చును.

చెవిలో మాటలు వినబడుతున్నాయని, ఎవరో వెంటపడుతున్నారని అంటే గాలి సోకిందని తాయెత్తులకు తిప్పవద్దు. అది కూడా ఈ మందు చేసే పనే.

మానిన మొదటి రోజులలో విపరీతమైన నిద్ర, ఆకలి. ఆ తరువాత వారాల తరబడి దేనిమీదా ఇష్టం ఉండదు. సెలైన్ పెట్టండి, బలం సూది వేయండి అని మీరు అడుగుతారు. ఈ వ్యసనాన్ని మాన్పే ప్రత్యేకమైన మందు ఇంతవరకు రాలేదు. కౌన్సెలింగ్, నిద్ర, వేళకు భోజనం, అన్నిటికంటే ముఖ్యంగా కాలం. 2001లో అమెరికాలో నోరా వోల్కోవ్ బృందం, మానేసి ఏడాది దాటిన కొద్దిమందికి స్కానింగ్ చేసింది. డోపమైన్‌ను తిరిగి లోపలికి తీసుకునే ద్వారాలు చాలావరకు పెరిగాయి. జ్ఞాపకశక్తి మాత్రం అంతగా మెరుగుపడలేదు. అందుచేత నెలకే ఉద్యోగం చూసుకోమని, పెళ్లి చేస్తే దారికొస్తాడని తొందరపడవద్దు.

ఈ నీరసపు రోజులలోనే ప్రాణం తీసుకోవాలనే ఆలోచన వస్తుంది. "నేనుండి ఏం లాభం" అన్నాడంటే బెదిరిస్తున్నాడని తీసిపారేయకండి. ఆ రాత్రి ఒంటరిగా పడుకోనివ్వకండి, ఇంట్లోని పురుగుల మందు డబ్బా బయటికి పంపండి, తెల్లవారగానే ఆసుపత్రికి తీసుకురండి. అర్ధరాత్రయినా టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చును.